ప్రోనోటు అప్పులు తీర్చుటకు భూమిని తాకట్టు పెట్టవచ్చునా?

గ్రామములలో రైతు సోదరులు తరచుగా అడుగు ప్రశ్న ఒకటి కలదు. "నాకు నలుగురి వద్ద అప్పులున్నవి. భూమిని తనఖా పెట్టినచో తక్కువ వడ్డీకి పెద్ద మొత్తము దొరకునట. ఆ డబ్బుతో ఈ అప్పులన్నియు ఒక్కసారిగా తీర్చివేయుట మంచిదా?" అని వారడుగుదురు. దీనికి అందరికిని ఒకే జవాబు లేదు. ఈ మార్గమున గట్టెక్కినవారు కలరు. పెనము మీదనుండి పొయ్యిలో పడినవారును కలరు. సంతకము చేయుటకు ముందే కాగితముపై వేసికొనదగిన లెక్క ఒకటి కలదు. దానిని ఈ పాఠములో తెలిసికొందము.

అప్పు ఏ ఒక్క రైతుకో వచ్చిన అవమానము కాదు. 2019లో జరిగిన జాతీయ నమూనా సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ కుటుంబములలో నూటికి 93, తెలంగాణలో నూటికి 91కి పైగా అప్పులో ఉండెను. కుటుంబమునకు సగటు అప్పు ఆంధ్రప్రదేశ్‌లో రూ. 2,45,554, తెలంగాణలో రూ. 1,52,113. దేశము మొత్తముమీద అప్పున్న కుటుంబములు నూటికి 50. సగటు అప్పు రూ. 74,121.

పాత అప్పు తీర్చుటకు భూమి తనఖాపై కొత్త అప్పు తీసికొనుట కొత్త ఆలోచనయు కాదు. 1929లో మద్రాసులో కేంద్ర సహకార భూమి తనఖా బ్యాంకు స్థాపింపబడినది. ఆ తొలి సంవత్సరములలో భూమి తనఖా బ్యాంకు లిచ్చిన రుణములలో పెక్కు భాగము పాత బాకీలు తీర్చుటకే పోయెను. అప్పుడును, ఇప్పుడును అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ రైతు వాయిదాలు కట్టగలడా?

తాకట్టు వలన మారునదేమి?

ప్రోనోటు అప్పుకు మీ మాటయు, సంతకమును మాత్రమే ఆధారము. బాకీ రానిచో రుణదాత కోర్టుకు పోవలెను, డిక్రీ పొందవలెను, ఆ తరువాతనే జప్తు కోరవలెను. దావా వేయుటకు గడువు 3 సంవత్సరములు. అట్టి డిక్రీ క్రింద కూడ రైతు నివసించు ఇల్లు, సేద్యపు పనిముట్లు, సేద్యమునకు కావలసిన పశువులు, విత్తనపు ధాన్యము మున్నగువానికి సివిల్ ప్రొసీజరు కోడు 60వ సెక్షను రక్షణ ఇచ్చుచున్నది.

తనఖా అప్పులో వడ్డీ తగ్గును. కాని బాకీ రానిచో ఏ ఆస్తి అమ్ముడు పోవలెనో మీరు మొదటనే చూపి సంతకము చేయుచున్నారు. తనఖా ఆస్తిపై బాకీ రాబట్టుకొనుటకు గడువు 3 సంవత్సరములు కాదు, 12 సంవత్సరములు. అనగా తక్కువ వడ్డీకి బదులుగా మీరు రుణదాతకు భూమిపై హక్కును ఇచ్చుచున్నారు. ఈ మార్పిడి లాభమా నష్టమా అని తేల్చుకొనుటకు మూడు పరీక్షలు కలవు.

ముందుగా అప్పుల పట్టిక

పరీక్షలకు ముందు ఇంటిల్లిపాది కూర్చుండి అప్పులన్నియు ఒక కాగితముపై వ్రాయవలెను. ఇంటి ఆడవారికి తెలియని అప్పు, కుమారుడు చేసిన అప్పు, దుకాణములో ఖాతా బాకీ — ఒక్కటియు విడువరాదు. ఉదాహరణకు ఐదెకరముల రైతు ఒకని పట్టిక ఇట్లున్నదనుకొందము:

1. వడ్డీ వ్యాపారి: రూ. 2,00,000, నెలకు నూటికి రెండు రూపాయలు. ఏటికి వడ్డీ రూ. 48,000.
2. ఎరువుల, పురుగుమందుల దుకాణము: రూ. 80,000, నెలకు నూటికి రూపాయిన్నర. ఏటికి రూ. 14,400.
3. వైద్యమునకు తెచ్చిన అప్పు: రూ. 70,000, నెలకు నూటికి మూడు రూపాయలు. ఏటికి రూ. 25,200.
4. బావమరిది ఇచ్చిన చేబదులు: రూ. 50,000, వడ్డీ లేదు.

మొత్తము అప్పు రూ. 4,00,000. ఏటికి వడ్డీయే రూ. 87,600.

"రెండు రూపాయల వడ్డీ" అన్నప్పుడు చిన్నదిగా వినబడును. అది సంవత్సరమునకు నూటికి 24 అని గ్రహింపవలెను. మూడు రూపాయలనగా నూటికి 36.

నోటు తిరగవ్రాయుటలో మరియొక ప్రమాదము కలదు. రెండు లక్షల నోటుకు మూడేండ్లు వడ్డీ కట్టనిచో రూ. 1,44,000 చేరి, కొత్త నోటు రూ. 3,44,000కు వ్రాయబడును. మరల మూడేండ్లు కట్టనిచో అది రూ. 5,91,680 అగును. ఒక్క రూపాయి కొత్తగా తెచ్చుకొనకయే ఆరేండ్లలో అప్పు దాదాపు మూడింతలయ్యెను.

మొదటి పరీక్ష: మొత్తము భారము తగ్గునా?

మన రైతు వడ్డీ గల మూడు అప్పులు, అనగా రూ. 3,50,000 తీర్చుటకు భూమి తనఖాపై నూటికి 12 వడ్డీకి అప్పు తీసికొనెననుకొందము. వడ్డీ రేటు బ్యాంకునకు బ్యాంకునకు మారును; ఇది లెక్క కొరకు మాత్రమే.

ఐదు సమాన వార్షిక వాయిదాలైనచో ఏటికి సుమారు రూ. 97,100 కట్టవలెను. ఐదేండ్లలో మొత్తము రూ. 4,85,500, అందులో వడ్డీ రూ. 1,35,500. ఇదే రూ. 97,100 పాత రుణదాతలకు కట్టినచో మొదటి సంవత్సరము వడ్డీ రూ. 87,600 పోను అసలులో తగ్గునది రూ. 9,500 మాత్రమే. ఇట్లు చూచినచో లాభము స్పష్టము.

ఐతే వాయిదా చిన్నదిగా ఉండవలెనని పదేండ్లకు తీసికొనినచో ఏటికి సుమారు రూ. 61,950 మాత్రమే పడును గాని, మొత్తము వడ్డీ రూ. 2,69,500 అగును. ఐదేండ్ల అప్పుకు పడిన వడ్డీకి ఇది దాదాపు రెట్టింపు. భూమి కూడ మరి ఐదేండ్లు తాకట్టులో ఉండును. కావున "వాయిదా ఎంత?" అని మాత్రమే అడుగరాదు. "మొత్తము ఎంత కట్టవలెను? ఎన్నేండ్లు?" అని కూడ అడుగవలెను. న్యాయవాది అభిప్రాయము, భూమి విలువ కట్టుట, స్టాంపు, రిజిస్ట్రేషను, బీమా మున్నగు ఖర్చులను కూడ ఈ మొత్తములో కలుపవలెను.

వడ్డీ లేని బావమరిది చేబదులును ఈ లెక్కలో చేర్చలేదని గమనింపుడు. వడ్డీ లేని అప్పు తీర్చుటకు వడ్డీకి తెచ్చి, పైగా భూమిని కుదువ పెట్టుట తగదు. ఆయనతో ఉన్నమాట చెప్పి గడువు కోరవలెను.

రెండవ పరీక్ష: చెడ్డ సంవత్సరములో వాయిదా కట్టగలరా?

అన్ని పరీక్షలలో ముఖ్యమైనది ఇదియే. చాలమంది మంచి పంట వచ్చిన ఏటిని తలచుకొని సంతకము చేయుదురు. బ్యాంకు వాయిదా వానను చూచి రాదు, తేదీని చూచి వచ్చును.

గడచిన ఐదేండ్లలో సాగు ఖర్చులు, పంట రుణము, ఇంటి ఖర్చులు పోను మిగిలినదెంతో ఏటివారీగా వ్రాయవలెను. మన రైతుకు మిగిలినది ఇట్లున్నదనుకొందము: రూ. 1,40,000, 70,000, 1,20,000, 20,000, 1,50,000. మొత్తము రూ. 5,00,000, సగటు ఏటికి లక్ష.

సగటును చూచినచో రూ. 97,100 వాయిదా కట్టగలడని తోచును. కాని ఏటివారీగా చూడుడు. రెండవ ఏట రూ. 27,100 చాలలేదు, నాలుగవ ఏట రూ. 77,100 చాలలేదు. ఆ ఏడు అతడేమి చేయును? మరల మూడు రూపాయల వడ్డీ వానివద్దకే పోవును. అప్పుడు భూమిపై తనఖా ఉండును, చేతిలో కొత్త ప్రోనోటును ఉండును. భూములు పోవునది ఇట్లే.

ఇదే రైతు మరియొక విధముగా చేయవచ్చును. మొదట అన్నిటికంటె ఎక్కువ వడ్డీ గల రూ. 70,000 అప్పును, పాలు తక్కువైన గేదెను, వాడని బంగారమును అమ్మియో, ఇంటిలోని మరియే మార్గముననో తీర్చవలెను. ఏటికి రూ. 25,200 వడ్డీ అక్కడికక్కడే ఆగిపోవును. మిగిలిన రూ. 2,80,000కు మాత్రమే తనఖా అప్పు ఏడేండ్లకు తీసికొనినచో వాయిదా సుమారు రూ. 61,350, మొత్తము రూ. 4,29,450, అందులో వడ్డీ రూ. 1,49,450. ఈ వాయిదా పై ఐదేండ్లలో నాలుగేండ్లు చేతికి వచ్చిన మిగులులోనే తీరును. చాలని ఏడు ఒక్కటియే, కొరత రూ. 41,350. మొదటి మూడేండ్లలో వాయిదా పోను మిగిలినది రూ. 1,45,950 గనుక, దానిలోనుండి ఈ కొరతను పూడ్చుకొనవచ్చును.

కరవు మొదటి ఏటనే రావచ్చును. కాబట్టి ఒక సంవత్సరపు వాయిదాకు సరిపడు మొత్తము విడిగా పొదుపు ఖాతాలో ఉంచుకొనిన తరువాతనే తనఖాకు పూనుకొనుట క్షేమము. వాయిదా తేదీని పంట అమ్ముడుపోవు నెల తరువాత ఉండునట్లు అడిగి వ్రాయించుకొనవలెను. వరి రైతుకును, ప్రత్తి రైతుకును, మామిడి రైతుకును ఈ తేదీ ఒకటి కాదు.

మూడవ పరీక్ష: అప్పు పుట్టిన చోటు మూతబడినదా?

ఇల్లు అలకగానే పండుగ కాదు. పాత నోట్లు చింపివేయగానే అప్పుల బాధ తీరదు. ప్రతి అప్పు ప్రక్కను అది ఎందుకు చేయవలసివచ్చెనో వ్రాయవలెను.

పెండ్లి, ఆపరేషను, కొట్టుకొనిపోయిన పంట వంటివి ఒకసారి వచ్చి పోయిన కారణములు. వానికైన అప్పును తక్కువ వడ్డీకి మార్చుకొనినచో క్రమముగా తీరిపోవును. కాని నీరు చాలని చోట బోరుపై బోరు త్రవ్వించుట, కౌలు భారము భరింపలేని చోట ఎక్కువ ఎకరములు పట్టుట, ప్రతి సీజనులో దుకాణమువాడు ఇచ్చిన మందెల్ల ఖాతాపై తెచ్చుట, త్రాగుడు, జూదము — ఇవి ఏటేటను అప్పును పుట్టించునవి. వీనిలో ఏది ఉన్నను ముందు దానిని మాన్పవలెను. ఒక పంటకాలము కొత్త అప్పు లేకుండ గడపి చూచిన తరువాతనే తనఖా మాట తలపెట్టవలెను.

తనఖాకు ముందు తట్టదగిన తలుపులు

భూమిని ముట్టకుండ పని జరుగునేమో మొదట చూడవలెను.

బేరము: మొత్తము ఒక్కసారిగా ఇచ్చెదనన్నచో చాలమంది రుణదాతలు వడ్డీలో కొంత విడుతురు. పెద్దల సమక్షమున మాటలాడుడు. కుదరనిచో జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయించి లోక్ అదాలతులో రాజీకి ప్రయత్నింపవచ్చును.

పూచీకత్తు లేని రుణము: రిజర్వుబ్యాంకు 2025 జనవరి 1 నుండి వ్యవసాయ రుణములలో రూ. 2,00,000 వరకు తాకట్టు అడుగరాదని నియమించినది. అంతకు ముందు ఈ హద్దు రూ. 1,60,000. మీ అవసరము ఈ హద్దులోనిదైనచో భూమి కాగితములు ఇచ్చుటకు ముందు ఈ మాట అడుగవలెను. ప్రైవేటు అప్పులలో చిక్కి బాధపడు రైతులకు వానిని తీర్చుకొనుటకై బ్యాంకులిచ్చు రుణమును ప్రాధాన్య రంగపు వ్యవసాయ రుణముగా రిజర్వుబ్యాంకు లెక్కించుచున్నది. బ్యాంకు మేనేజరును ఈ విషయమై ప్రత్యేకముగా అడుగుడు.

కిసాన్ క్రెడిట్ కార్డు: 1998లో ప్రారంభమైన ఈ పద్ధతిలో రూ. 3,00,000 వరకు పంట రుణము నూటికి 7 వడ్డీకి, గడువులోగా చెల్లించినచో 4కు పడునట్లు కేంద్రప్రభుత్వము 2025-26కు కూడ రాయితీ కొనసాగించినది. మీకు రావలసిన పరిమితి పూర్తిగా వచ్చుచున్నదా అని చూచుకొనుడు. కాని పంట రుణమును పాత బాకీలకు మళ్ళింపరాదు. మళ్ళించినచో ఎరువులకు మరల దుకాణము ఖాతాయే గతి యగును.

కొంత భూమి అమ్ముట: ఇది చెప్పుటకు కష్టమైన మాట. ఐనను దూరముగా నున్న అరయెకరము అమ్మి అప్పు తీర్చుట, ఐదెకరములను తనఖా పెట్టి వాయిదాలు తప్పి మొత్తము పోగొట్టుకొనుటకంటె మేలు. రెండవ పరీక్షలో తప్పినవారు దీనిని తప్పక ఆలోచింపవలెను.

ఏ కాగితముపై సంతకము చేయుచున్నారు?

తనఖాలన్నియు ఒకటి కావు. సాదా తనఖాలో భూమి మీ స్వాధీనములోనే ఉండును. స్వాధీన తనఖాలో రుణదాత భూమిని తీసికొని ఫలసాయము అనుభవించును. పంటయే పోయిన తరువాత అసలు దేనితో తీర్చెదరో ముందే ఆలోచింపవలెను. బ్యాంకులలో తరచుగా హక్కు పత్రములను డిపాజిట్టు చేయించుకొందురు. రిజిస్ట్రారు కార్యాలయమునకు పోనంత మాత్రమున అది తనఖా కాదనుకొనరాదు.

అన్నిటికంటె ప్రమాదకరమైనది ప్రైవేటు రుణదాతకు పూచీగా విక్రయ దస్తావేజు వ్రాసి ఇచ్చుట. "బాకీ తీర్చగానే తిరిగి వ్రాసి ఇచ్చెదను" అని అతడు నోటిమాట చెప్పును. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము 58వ సెక్షను ప్రకారము, తిరిగి ఇచ్చు షరతు ఆ విక్రయ దస్తావేజులోనే లేనిచో అది తనఖాగా పరిగణింపబడదు. అనగా కాగితముపై మీరు భూమిని అమ్మినట్లే. విక్రయ దస్తావేజు, అమ్మకపు ఒప్పందము, జనరల్ పవరాఫ్ అటార్నీ — వీనిని అప్పుకు పూచీగా ఎన్నడును ఇవ్వరాదు.

పొలమునకు, ఇంటికి మధ్య ఒక ముఖ్యమైన భేదము కలదు. 2002లో వచ్చిన సర్ఫేసీ చట్టము ప్రకారము బ్యాంకులు 60 రోజుల నోటీసు ఇచ్చి, దావా వేయకయే తాకట్టు ఆస్తిని స్వాధీనము చేసికొనవచ్చును. వ్యవసాయ భూమికి ఈ చట్టము వర్తింపదు. ఇంటికి, ఇండ్ల స్థలమునకు వర్తించును. కాబట్టి పొలము బదులు ఇల్లు తాకట్టు పెట్టుట తేలిక అనుకొనరాదు. పొలముపైనను బ్యాంకు సివిల్ కోర్టు ద్వారా, సహకార సంఘము సహకార చట్టము క్రింద బాకీ రాబట్టవచ్చును.

డి-పట్టా భూమి ఐనచో తాకట్టు విషయమై ముందుగా తహసీల్దారు కార్యాలయములో విచారింపవలెను.

డబ్బు వచ్చిన దినమున

అప్పు మంజూరైన తరువాత జరుగు పొరపాటు ఒకటి కలదు. డబ్బు చేతికి వచ్చును. సగము బాకీలకు, సగము ఇంటి పనులకు పోవును. ఇది జరుగకుండ ఈ నియమములు పాటింపవలెను.

డబ్బు మీ ఇంటికి రాకుండ నేరుగా పాత రుణదాతల ఖాతాలకు చేరునట్లు బ్యాంకును కోరవలెను. నగదుగా ఇవ్వవలసివచ్చినచో సాక్షుల ఎదుట ఇవ్వవలెను. నోటుపై పూర్తి చెల్లు వ్రాయించి, సంతకము చేయించి, అసలు నోటును అప్పుడే చేతికి తీసికొనవలెను. "నోటు వెదకి రేపిచ్చెదను" అన్నవానికి డబ్బు కూడ రేపే ఇవ్వవలెను. ఖాళీ నోట్లు, సంతకము చేసిన చెక్కులు ఇచ్చియున్నచో వానిని కూడ తిరిగి తీసికొనవలెను. తనఖా అప్పు తీరిన నాడు హక్కు పత్రములు తెచ్చుకొని, తనఖా రద్దు నమోదైనట్లు ఇ.సి. తీసి చూచుకొనవలెను.

ముఖ్య విషయములు

మొత్తము భారము తగ్గునా? చెడ్డ ఏట వాయిదా కట్టగలమా? అప్పు పుట్టిన చోటు మూతబడినదా? ఈ మూడింటికిని "అవును" అని కాగితముపై అంకెలతో చూపగలిగినవారు భూమి తనఖాపై అప్పు తెచ్చి ప్రోనోట్లు తీర్చుకొనవచ్చును; అందు సిగ్గుపడవలసినది లేదు. మొదటిదానికి మాత్రమే "అవును" అని, రెండవదానికి "చూతము" అని చెప్పువారు ఆగవలెను. వారు అప్పు మొత్తమును తగ్గించుకొని, నిలువ డబ్బు కూర్చుకొని, మరల లెక్క వేయవలెను.

ఇంటివద్ద చేయవలసిన పని

1. మీ అప్పులన్నిటిని అసలు, నెలసరి వడ్డీ, ఏటి వడ్డీ, కారణము అను నాలుగు గడులలో వ్రాయుడు.
2. గడచిన ఐదేండ్ల మిగులును ఏటివారీగా వ్రాసి, అన్నిటికంటె తక్కువైన రెండేండ్ల అంకెలకు గీత గీయుడు.
3. బ్యాంకువారు చెప్పిన వాయిదాను ఆ రెండు అంకెల ప్రక్కన వ్రాయుడు. కొరత ఎంతయో, అది ఎక్కడనుండి వచ్చునో ఇంటివారందరు కలిసి చెప్పుకొనుడు.

మూడవ ప్రశ్నకు జవాబు వ్రాయలేకపోయినచో ఈ సంవత్సరము తనఖా కాగితముపై సంతకము చేయకుండుటయే మంచిది.